పంగిడి, దుద్దుకూరు సున్నపురాళ్లలో పాత సముద్రపు ఒడ్డును చదవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

గోదావరి పడమటి గట్టున పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం చుట్టుపక్కల నల్లరాయి క్వారీలు చాలామందికి తెలుసు. ఆ నల్లరాళ్ల మధ్యలో తెల్లటి సున్నపురాయి పొర ఒకటి ఉంటుంది. అందులో గుల్లలు ఉంటాయి. తూర్పు గట్టున, రాజమహేంద్రవరం పక్కన కాతేరులోనూ ఇదే పొర పైకి తేలింది. "అక్కడికి వెళ్తే ఏం చూడాలి, ఎలా చూడాలి?" అని అడిగేవాళ్లు పెరుగుతున్నారు కాబట్టి పని మొత్తాన్ని వరుసగా రాస్తున్నాను.

చాలామంది సంచి నిండా గుల్లలు తెచ్చుకుంటారు. అవి ఏ పొరలోవి, పొరలో ఎలా పడి ఉన్నాయి అని అడిగితే మాత్రం చెప్పలేరు. అలా తెచ్చిన గుల్ల అల్మారాలో పెట్టుకోవడానికి తప్ప తీరం గురించి ఏమీ చెప్పదు. ముందు పొర, తర్వాత గుల్ల. ఈ క్రమం తప్పకూడదు.

1. పొరల వరుస నోటికి వచ్చాకే బయల్దేరండి

కింది నుంచి పైకి వరుస ఇలా ఉంటుంది:

- తిరుపతి ఇసుకరాయి. అన్నిటికన్నా అడుగున.
- దాని మీద, లావాకు ముందు పేరుకున్న ఇసుకరాయి, సున్నపురాయి పొరలు. టరిటెల్లా అనే పొడవాటి నత్తగుల్లలు ఇందులోవే.
- కింది లావా, అంటే కింది నల్లరాయి.
- రెండు లావాల నడిమి పొర: సున్నపురాయి, బంకమన్ను. కొన్ని మీటర్ల మందమే కానీ మన పనిలో ఎక్కువ భాగం ఇక్కడే.
- పై లావా.
- అన్నిటి మీద రాజమండ్రి ఇసుకరాయి. ఇది చాలా తర్వాతి కాలానిది.

ఈ లావా దక్కన్ పీఠభూమిని కప్పిన లావాలో భాగమే. ప్రధాన దక్కన్ లావా ప్రాంతానికి సుమారు 400 కిలోమీటర్ల దూరంలో, అప్పటి తూర్పు తీరం దాకా వచ్చింది. నడిమి పొరలో దొరికిన అతిసూక్ష్మ సముద్రజీవుల గుల్లలను బట్టి, ఆ పొర డైనోసార్ల యుగం ముగిసిన కొద్దికాలానికే, అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి గీత దాటిన వెంటనే పేరుకుందని తేలింది.

వరుసను ఒక కాగితం మీద గీసి నోట్‌బుక్ మొదటి పేజీలో అంటించండి. క్వారీలో నిలబడినప్పుడు "ఇప్పుడు నేను ఈ వరుసలో ఎక్కడున్నాను?" అన్నదే మొదటి ప్రశ్న.

2. ముందు ఇవాళ్టి తీరానికి వెళ్లండి

ఈ మెట్టును ఎక్కువమంది దాటేస్తారు. దయచేసి దాటేయకండి. నదీ, సముద్రం కలిసే చోటు ఎలా ఉంటుందో కళ్లతో చూడకుండా రాయిలో దాన్ని గుర్తుపట్టడం కష్టం.

కాకినాడ పక్కన కోరంగి మడ అడవుల దగ్గర ఒక పూట గడిపితే చాలు. పాటు సమయంలో, అంటే నీరు తీసినప్పుడు వెళ్లండి. ఇవి గమనించండి:

- ఆల్చిప్పలు ఎక్కడ అతుక్కున్నాయి? వేర్లకా, రాళ్లకా, ఒకదానికొకటా?
- బురద మీద తిరిగే శంకువు ఆకారపు నత్తలు ఎంత దట్టంగా ఉన్నాయి?
- కాలువ ఒడ్డున ఇసుక ఎక్కడ, బురద ఎక్కడ? ఒకదాని నుంచి ఇంకోదానికి ఎన్ని అడుగుల్లో మారింది?
- వరదలో కొట్టుకొచ్చిన మంచినీటి నత్తగుల్లలు ఎక్కడ చిక్కుకుని ఉన్నాయి?

నాలుగో ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఉండండి. ఖాళీ నత్తగుల్లలో గాలి ఉంటుంది, తేలుతుంది. పైన ఎక్కడో చెరువులో బతికిన నత్త ఉప్పునీటి బురదలో వచ్చి పూడిపోతుంది. 6.6 కోట్ల ఏళ్ల కిందటా ఇదే జరిగింది. ఈ ఒక్క సంగతి కళ్లతో చూస్తే క్వారీలో సగం తికమక పోతుంది.

కోరంగి అభయారణ్యం కాబట్టి చూడండి, ఫొటో తీయండి, ఏమీ తీసుకురాకండి.

3. అనుమతి, భద్రత, సామాను

క్వారీ అంటే ఎవరో లీజుకు తీసుకుని పని చేస్తున్న చోటు. ముందుగా వెళ్లి నిర్వాహకుల్ని కలవండి. ఎందుకొచ్చారో, ఎంతమందో, ఎంతసేపు ఉంటారో చెప్పి ఒప్పుకున్నాకే దిగండి. పేలుళ్ల సమయం తప్పకుండా అడగండి. వద్దంటే వెనక్కి రండి, పక్కదారిన దూరకండి.

ఇక్కడి గోడల్లో ఒక ప్రత్యేక ప్రమాదం ఉంది. పైన బరువైన నల్లరాయి, కింద మెత్తని సున్నపురాయి, బంకమన్ను. కింది పొర తొలిగిపోతే పైది ఆధారం లేకుండా వేలాడుతుంది. వానలు పడ్డ తర్వాత ఇంకా ప్రమాదం. వేలాడే రాయి కిందకు ఎంత మంచి గుల్ల కనిపించినా వెళ్లొద్దు. కింద రాలి పడ్డ రాళ్లలోనే చాలా చూడొచ్చు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. వానాకాలంలో గుంతలు నీళ్లతో నిండిపోతాయి, మనకు కావాల్సిన పొర నీటి కిందే ఉండిపోవచ్చు.

బయల్దేరే ముందు సరిచూసుకోండి:

- హెల్మెట్, కళ్లద్దాలు, గట్టి బూట్లు, క్రషర్ దుమ్ముకు మాస్క్
- పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం, మెడలో తాడుతో
- సుత్తి, రెండు ఉలులు, మెత్తని బ్రష్
- కొలత టేపు, క్లైనోమీటర్ (పొర వాలు కొలిచేది) ఉన్న దిక్సూచి, జీపీఎస్ లేదా ఫోను
- గళ్ల నోట్‌బుక్, పెన్సిల్, చెరగని మార్కర్
- జిప్ కవర్లు, పాత న్యూస్ పేపర్లు, టిష్యూ
- చిన్న డ్రాపర్ సీసాలో పల్చటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం
- నీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె, తోడుగా ఒక మనిషి

ఆమ్లాన్ని పల్చన చేసేటప్పుడు నీళ్లలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. అలవాటు లేకపోతే కాలేజీ ల్యాబ్‌లో తెలిసినవాళ్ల చేత చేయించుకోండి.

4. దిగగానే సుత్తి తీయకండి, గోడను చూడండి

గోడకు దూరంగా నిలబడి పావుగంట చూడండి. మొత్తం గోడ ఒక్క ఫొటోలో పట్టేలా తీసి, పక్కన మనిషినో కొలత కర్రనో ఉంచండి.

మొదట కింది లావా పైభాగాన్ని గుర్తించండి. లావా పైభాగంలో గాలిబుడగల గుంతలు ఎక్కువగా ఉంటాయి. చాలాసార్లు వాటిని కాల్సైట్ లాంటి తెల్లటి ఖనిజాలు నింపి ఉంటాయి. ఎండకూ వానకూ నానిన లావా పైభాగం మెత్తబడి ఎర్రమట్టిలా మారి కనిపించవచ్చు. అలా కనిపిస్తే ఆ లావా చల్లారాక కొంతకాలం నేలగా ఉందన్నమాట.

తర్వాత పై లావా అడుగు చూడండి. వేడి లావా వచ్చి పడ్డ చోట సున్నపురాయి పైఅంచు కాలి గట్టిపడిందా, రంగు మారిందా? అలా ఉంటే నోట్‌బుక్‌లో రాయండి. ఆ పొర లావా కన్నా ముందుదని రాయే చెబుతున్న సాక్ష్యం అది.

రాయి ఏదో అనుమానంగా ఉంటే ఒక చుక్క ఆమ్లం వేయండి. సున్నపురాయి బుసబుసమని పొంగుతుంది. నల్లరాయి పొంగదు. దాని గుంతల్లో కాల్సైట్ ఉంటే అక్కడ మాత్రం పొంగుతుంది. అందుకే చుక్క ఎక్కడ వేశారో చూసుకుని రాయండి.

5. లాగ్ గీయండి

లాగ్ అంటే గోడను కింది నుంచి పైకి కొలిచి గీసిన నిలువు పటం. ఒక మీటరు గోడకు రెండు సెంటీమీటర్ల కాగితం సరిపోతుంది.

1. సున్న ఎక్కడో నిర్ణయించండి. కింది లావా పైఅంచును సున్నగా పెట్టుకుంటే ఏ క్వారీలోదైనా పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు.
2. రాయి మారిన ప్రతిచోటా గీత గీయండి. రంగు మారితే సరిపోదు. రేణువు, గట్టిదనం, గుల్లలు, ఏదో ఒకటి మారాలి.
3. గీత పదునుగా ఉందా, మెల్లగా కలిసిపోయిందా, ఎగుడుదిగుడుగా కోసుకుపోయిందా రాయండి. కోసుకుపోయిన గీత అంటే అక్కడ నీరు ఏదో తుడిచిపెట్టింది.
4. ప్రతి పొరకూ ఒక నంబరు. శాంపిల్, ఫొటో, గమనిక, అన్నిటికీ ఆ నంబరే.
5. వేళ్ల జాడలు, బురద బీటలు, జీవులు తొలిచిన బొరియలు ఎక్కడ కనిపించినా ఎత్తుతో సహా గుర్తు పెట్టండి.

ఇసుకలో నిలువుగా దిగిన బొరియలు ఎక్కువగా ఉంటే నీటి కదలిక బలంగా ఉన్న చోటని అనుమానించవచ్చు. అడ్డంగా పాకినవి నెమ్మది నీటిని సూచిస్తాయి. వేళ్ల జాడలు, బురద బీటలు కనిపిస్తే ఆ పొర కాసేపైనా గాలికి బయటపడిందని అర్థం.

6. ఇప్పుడు గుల్లలు: ఏది ఏ నీటిది

టరిటెల్లా పొడుగ్గా, మొన తేలి, స్క్రూ మర లాగా ఉంటుంది. సముద్రపు నీటిది. లావాకు ముందరి పొరలో వెతకాల్సింది దీన్నే.

సెరిథియం, పొటమిడీస్ జాతి గుల్లలూ పొడుగ్గానే ఉంటాయి కానీ మెలికల మీద బొడిపెలు, గట్లు ఉంటాయి. పొటమిడీస్ లాంటివి బురద తీరాన, ఉప్పూ మంచినీళ్లూ కలిసే చోట బతుకుతాయి. కోరంగి బురద మీద చూసిన నత్తలు గుర్తు తెచ్చుకోండి.

ఆల్చిప్పలు పొరలు పొరలుగా, వంకరటింకరగా, మందంగా ఉంటాయి. ఇవి కదలవు. పుట్టి అతుక్కున్న చోటే చస్తాయి. జత విడిపోకుండా, ఒకదానికొకటి అతుక్కున్న గుంపుగా కనిపిస్తే అంతకు మించిన సాక్షి లేదు. ఆ గుంపు ఆ నీటిలోనే బతికింది.

ఫైసా మంచినీటి నత్త. దీన్ని గుర్తుపట్టే పద్ధతి చెబుతాను, ఒకసారి చేతికొస్తే మరిచిపోరు. గుల్ల మొన పైకి పెట్టి, నోరు మీవైపు తిప్పుకోండి. ఎక్కువ నత్తలకు నోరు కుడిపక్క ఉంటుంది. ఫైసాకు ఎడమపక్క ఉంటుంది. లిమ్నియా కూడా మంచినీటిదే, చూడటానికి దగ్గరగా ఉంటుంది కానీ దాని నోరు కుడిపక్కే. ఫొటోను అద్దంలో చూపినట్టు తిప్పేస్తే ఫైసా లిమ్నియా అవుతుంది, లిమ్నియా ఫైసా అవుతుంది. సెల్ఫీ కెమెరాతో గుల్లల ఫొటోలు తీయకండి.

చారా అనే నీటిమొక్క కాయలు మిల్లీమీటరు లోపు ఉంటాయి. భూతద్దంలో చూస్తే చుట్టూ మెలితిరిగిన గట్లున్న చిన్న గుండులా కనిపిస్తాయి. మంచినీళ్లు, లేదా కొద్దిగా ఉప్పు కలిసిన నీళ్లు వీటి చోటు.

సున్నం కట్టే పచ్చ నాచులు కొన్ని ఈ సున్నపురాయిలోనే దొరికాయి. నియోమెరిస్, ఎసిక్యులేరియా లాంటివి. ఇవి వెచ్చని, వెలుతురు అందే లోతు తక్కువ సముద్రపు నీటివి. పల్చటి రాతిముక్కను మైక్రోస్కోపు కింద పెడితేనే కనిపిస్తాయి.

ఒకే సున్నపురాయిలో ఫైసా, సెరిథియం, ఆల్చిప్ప, చారా, సముద్రపు నాచు అన్నీ ఎందుకున్నాయి? మొదటిసారి చూసినవాళ్లు ఇక్కడే చేతులెత్తేస్తారు. తరువాతి మెట్టు దానికోసమే.

7. బతికిన చోటా, కొట్టుకొచ్చిన చోటా?

ప్రతి గుల్ల దగ్గరా ఈ ఆరు ప్రశ్నలు వేయండి. జవాబులు నోట్‌బుక్‌లో రాయండి.

- రెండు చిప్పలూ కలిసే ఉన్నాయా, విడిపోయాయా? కలిసి ఉంటే దూరం ప్రయాణించలేదు.
- అంచులు పదునుగా ఉన్నాయా, అరిగి గుండ్రబడ్డాయా?
- విడి చిప్పలు బోర్లా పడ్డాయా, వెల్లకిలా పడ్డాయా? ప్రవాహం చిప్పల్ని బోర్లా తిప్పి నిలుపుతుంది. ఎక్కువ బోర్లా ఉంటే నీరు పారింది.
- పొడుగు గుల్లలన్నీ ఒకే దిశలో పడుకున్నాయా? కనీసం ముప్పైటి దిశ దిక్సూచితో కొలవండి.
- పెద్దవీ చిన్నవీ కలిసి ఉన్నాయా, ఒకే సైజువే ఉన్నాయా? ఒకే సైజువైతే నీరు జల్లెడ పట్టి ఉండవచ్చు.
- గుల్ల మీద ఇంకో జీవి అతుక్కుందా, తొలిచిందా? అయితే అది పూడక ముందు నీటి అడుగున చాలాకాలం పడి ఉంది.

ఇంకో చిన్న అద్భుతం ఉంది. నత్తగుల్లను అడ్డంగా కోసినట్టు విరిగిన ముక్క దొరికితే లోపల చూడండి. అడుగు సగం బురదతో, పై సగం తెల్లటి స్ఫటికంతో నిండి ఉంటే, ఆ రెండిటి మధ్య గీత ఆనాటి సమతలం. మేస్త్రీ మట్టగొట్టంలో బుడగ ఎలాగో, గుల్లలో ఆ గీత అలాగ. పొర తిరగబడిందా, వాలిందా, రాలి పడ్డ రాయిలో పైవైపు ఏది, అన్నిటికీ అదే జవాబు చెబుతుంది. అలాంటిది కనిపిస్తే తీయకముందే పైవైపుకు బాణం గుర్తు పెట్టి ఫొటో తీయండి.

జవాబులు చేతిలో ఉంటే ఇందాకటి చిక్కు విడిపోతుంది. అతుక్కున్న ఆల్చిప్పల గుంపులో అక్కడక్కడా అరిగిన ఫైసా ఉంటే, అది ఉప్పుటేరు. ఫైసా వరదలో వచ్చింది. చెక్కుచెదరని ఫైసాలు, లిమ్నియాలు, చారా కాయలు గుంపుగా ఉండి, ఉప్పునీటి గుల్లలే లేకపోతే అది మంచినీటి మడుగు. ఒక పొరకు మరో పొరకు ఇవి మారుతుంటే తీరం ముందుకూ వెనక్కూ జరుగుతోందన్నమాట.

అతుక్కుని బతికే జీవి సాక్ష్యానికి పది మార్కులైతే, తేలి వచ్చే జీవికి రెండు. నేను ఈ లెక్కనే నమ్ముతాను.

8. శాంపిల్ తక్కువ తీయండి, లేబుల్ ఎక్కువ రాయండి

పొర నుంచి గుల్లను విడదీయడానికి కుస్తీ పట్టకండి. గుల్ల చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పు రాయి వదిలి, రాయితో సహా తీయండి. నల్లరాయిని సుత్తితో కొట్టొద్దు, ముక్కలు బుల్లెట్లలా ఎగురుతాయి.

లేబుల్ మీద ఉండాల్సినవి: క్వారీ పేరు, జీపీఎస్ అంకెలు, పొర నంబరు, సున్న నుంచి ఎత్తు, పైవైపు బాణం, తేదీ. ఒకటి కవరు మీద రాయండి, ఇంకోటి కాగితం మీద రాసి లోపల పెట్టండి. నేను ఒకసారి కవరు మీద మాత్రమే రాశాను. దారిలో రాపిడికి మార్కర్ చెరిగిపోయింది. ఒక రోజంతా తీసిన పదకొండు శాంపిళ్లు ఏ పొరవో తేలక పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ బాధ మీకొద్దు.

మీరు చూసినంతలో చాలా అరుదనిపించిన ఎముక, పన్ను లాంటిది కనిపిస్తే తవ్వకండి. ఫొటో, జీపీఎస్, లాగ్‌లో స్థానం తీసుకుని భూవిజ్ఞాన శాఖ ఉన్న విశ్వవిద్యాలయానికో, భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకో తెలియజేయండి.

9. ఇంటికొచ్చాక

మెత్తని బంకమన్ను శాంపిల్‌ను బాగా ఆరనిచ్చి, నీళ్లలో నానబెట్టండి. ఆరిన మన్ను తొందరగా విడిపోతుంది. 63 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జల్లెడలో సన్నటి నీటిధార కింద కడిగి, మిగిలింది ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద చూడండి. డైనోసార్లను తుడిచిపెట్టిన మహావినాశనం దాటి వచ్చిన తొలి సముద్రపు సూక్ష్మజీవులు చాలా చిన్నవి. పెద్ద కన్నాల జల్లెడ వాడితే కాలం చెప్పే సాక్షులే కాలువలో పోతాయి.

ప్రతి శాంపిల్‌కూ ముందు జల్లెడను బాగా కడగండి. పాత శాంపిల్ గుల్ల కొత్తదాంట్లో కలిస్తే తప్పుడు కథ తయారవుతుంది.

గట్టి సున్నపురాయికి ఈ పద్ధతి పనిచేయదు. 30 మైక్రాన్ల మందానికి అరగదీసిన పలక కావాలి, అది ల్యాబ్ పని.

10. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

- నల్లరాయిలో తెల్లటి గుండ్రటి మచ్చను గుల్ల అనుకోవడం. అది బుడగను నింపిన ఖనిజం. గుల్లకు మెలికో, పెరుగుదల గీతలో ఉండాలి.
- ఉల్లిపొరల్లా ఊడే గుండ్రటి నల్లరాళ్లను డైనోసార్ గుడ్లు అనుకోవడం. లావా రాయి వాతావరణానికి అలాగే గుండ్రంగా ఊడుతుంది. అప్పటికే పగిలి ఉన్నదాన్ని చూస్తే లోపలా అదే నల్లరాయి.
- రాయి చీలికలో నాచు కొమ్మలా ఉన్న నల్లటి గీతల్ని మొక్క శిలాజం అనుకోవడం. చాలాసార్లు అది చీలికలోకి ఇంకిన మాంగనీసు. కొమ్మకు కాడ, ఈనెలు ఉన్నాయా చూడండి.
- రాజమండ్రి ఇసుకరాయి నుంచి జారిపడ్డ రాయిని నడిమి పొరలో కలిపేయడం. గోడలో అతుక్కుని ఉన్న రాయి నుంచి తీసినదాన్నే లాగ్‌లో రాయండి. రాలినదానికి వేరే పేజీ.
- సూక్ష్మజీవుల శాంపిల్ మీద ఆమ్లం వేయడం. వాటి గుల్లలూ సున్నమే, కరిగిపోతాయి. ఆమ్లం గోడ దగ్గర పరీక్షకే.
- ఒక్క గుల్ల చూసి నీటిని తేల్చేయడం. ఒక పొరకు కనీసం మూడు రకాల సాక్ష్యాలు చూడండి: రాయి రేణువు, గుల్లల జాతి, అవి పడి ఉన్న తీరు.
- ఒక్క క్వారీ చూసి మొత్తం తీరం గీసేయడం. నది మొగ దగ్గర వంద అడుగుల్లో బురద ఇసుకవుతుంది. పంగిడి లాగ్, దుద్దుకూరు లాగ్, కాతేరు లాగ్ పక్కపక్కన పెట్టాకే మాట్లాడండి.

11. చివరి కాగితం

లాగ్ పక్కన మూడు నిలువు గడులు గీయండి: సముద్రం, ఉప్పుటేరు, మంచినీళ్లు. ప్రతి పొరకూ అది ఏ గడిలో పడుతుందో ఒక చుక్క పెట్టి, కింది నుంచి పైకి చుక్కల్ని కలపండి. నమ్మకం తక్కువున్న చుక్కను ఖాళీ వృత్తంగా ఉంచండి, నిండుగా నింపకండి.

ఆ గీత కుడికీ ఎడమకీ ఊగిన ప్రతిసారీ గోడ మీద ఆ ఎత్తుకు మళ్లీ వెళ్లి రెండు పొరల మధ్య గీత పదునుగా ఉందో, కలిసిపోయిందో చూడండి. తీరం మెల్లగా జరిగిందా, ఒక్కసారిగా మునిగిందా అన్నది అక్కడ తెలుస్తుంది. క్వారీ పని సాగేకొద్దీ గోడ మారిపోతుంది, ఈ ఏడాది కనిపించిన పొర వచ్చే ఏడాది ఉండకపోవచ్చు. అందుకని అదే వారంలో తిరిగి వెళ్లేలా రోజు ముందే పెట్టుకోండి.